పడటం చవగ్గా ఉన్న చోట

మా మనవరాలికి పదకొండో నెల వచ్చాక మా అమ్మాయి దాన్ని తీసుకుని కాకినాడ వచ్చింది. అప్పటికి అది మంచం పట్టె పట్టుకుని ఆ కొస నుంచి ఈ కొసకి నడిచేది. చెయ్యి వదిలితే చతికిలబడేది. మరో మూడు వారాలకు ఒకరోజు పొద్దున్నే, వంటింటి గుమ్మం దగ్గర, ఎవరూ రమ్మనకుండానే, చేతిలో స్టీలు గరిటెతో మూడడుగులు వేసి కూర్చుండిపోయింది. చూసింది మా అమ్మ ఒక్కతే. మా అమ్మాయి ఫోను తెచ్చేలోపు అంతా అయిపోయింది. మళ్లీ వెయ్యవే అని ఎంత బతిమాలినా వెయ్యలేదు.

నేను ఉపాధ్యాయులకు, ఉద్యోగాల్లో కొత్తగా చేరినవాళ్లకు శిక్షణ తరగతులు చెబుతుంటాను. పన్నెండేళ్లుగా ఆ తరగతుల్లో నాకొక ఊతమాట ఉండేది. పసిబిడ్డ వెయ్యిసార్లు పడినా నడక మానదు, మరి మీరెందుకు ఒక్క ఓటమికే ఆగిపోతారు అని. ఆ మాటకు ప్రతిసారీ చప్పట్లు పడేవి. ఇలాంటి పుస్తకాల్లో మీరూ చదివే ఉంటారు. మనవరాలి వెనక నెల రోజులు తిరిగాక ఆ మాట అనడం మానేశాను. పట్టుదల వల్ల ఏ బిడ్డకూ నడక రాదు. పట్టుదల అంటే ఏమిటో దానికి తెలియదు. అది నేర్చుకునే తీరు వేరు. పెద్దవాళ్లం మనం దాని దగ్గర నేర్చుకోవాల్సింది ఆ తీరునే.

గంటకు పదిహేడు

ఒకరోజు పొద్దున్న పాత డైరీ, పెన్ను పట్టుకుని నట్టింట్లో కూర్చున్నాను. గంటసేపు అది పడినప్పుడల్లా ఒక గీత గీశాను. పద్నాలుగు గీతలు తేలాయి. అందులో ఏడ్చింది రెండుసార్లే. ఒకసారి తలుపు అంచు తగిలింది, అది నిజమైన ఏడుపు. రెండోసారి అది మెత్తగానే కూలబడింది. నేనే "అయ్యో" అని కేకేశాను. అది నా మొహం వంక ఒక్క క్షణం చూసి, ఏదో ఘోరం జరిగిందని నిర్ధారించుకుని, రాగం తీసింది. మిగతా పన్నెండుసార్లు పడినట్టు దానికి గుర్తు కూడా లేదు.

నా పద్నాలుగు చిన్న లెక్కే. న్యూయార్క్ యూనివర్సిటీలో కేరన్ అడాల్ఫ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పిల్లల నడక మీదే దశాబ్దాలుగా పనిచేస్తున్నారు. పన్నెండు నుంచి పందొమ్మిది నెలల పిల్లలు ఆడుకుంటుండగా వీడియో తీసి, ఆమె బృందం ప్రతి అడుగూ లెక్కపెట్టింది. 2012లో వచ్చిన ఆ లెక్క ప్రకారం గంటకు సగటున 2,368 అడుగులు, 701 మీటర్ల దూరం, 17 పడటాలు. రోజులో మేలుకుని తిరిగే గంటలన్నీ కలిపితే దాదాపు పద్నాలుగు వేల అడుగులు, వంద పడటాలు. మన ఫోన్లలో రోజుకు పది వేల అడుగులు చూపిస్తే మనం పొంగిపోయి వాట్సాప్‌లో పెట్టుకుంటాం.

అంతకంటే నన్ను ఆపేసిన లెక్క అదే బృందం తర్వాత చేసిన పనిలో ఉంది. పిల్లలు పడినప్పుడు ఏం చేస్తారో చూశారు. ఏడవడమో చిరాకుపడటమో నూటికి నాలుగుసార్లే. మిగతా అన్నిసార్లూ కొద్ది సెకన్లలో లేచి మళ్లీ ఆటలో పడ్డారు. పడిన చోటికి మళ్లీ వెళ్లారు, ఏ బొమ్మ పట్టుకుని పడ్డారో ఆ బొమ్మనే మళ్లీ పట్టుకున్నారు. వాళ్ల లెక్కలో పడటం కూడా ఆటలో ఒక భాగమే.

కారణం ధైర్యం అనుకుంటే పొరపాటు. ఏడాది బిడ్డ ఎత్తు ముప్పావు మీటరు, బరువు ఎనిమిది తొమ్మిది కిలోలు. నేలకి దగ్గరగా ఉంటుంది, కూలేది మెత్తటి పిరుదుల మీద, ఒంటి నిండా కొవ్వు దిండ్లే. చేతులు ముందే చాపి ఉంటాయి. కొత్తగా నడిచే పిల్లలు చేతులు భుజాల ఎత్తుకు లేపి, కాళ్లు ఎడం చేసి, పాదం మొత్తం ఒకేసారి మోపుతూ నడవడం మీరు చూసే ఉంటారు. వాళ్లు పడటానికి సిద్ధమై నడుస్తారు. అదే పడటం ఆరడుగుల మనిషికి, డెబ్బై కిలోలతో, గ్రానైట్ బండ మీద జరిగితే తుంటి ఎముక విరగొచ్చు. మా అమ్మకు డెబ్బై ఎనిమిదేళ్లు. స్నానాల గదిలోకి అడుగుపెట్టేటప్పుడు ఆవిడ పడే జాగ్రత్త చూస్తే నడక కొత్తగా నేర్చుకుంటున్నది ఆవిడేనేమో అనిపిస్తుంది. ఇద్దరిదీ ఒకే ఇల్లు, ఒకే నేల. పడితే చెల్లించాల్సిన ధర వేరు.

ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నదంతా ఆ ధర గురించే. నేర్చుకోలేకపోయినవాడిని మనం సోమరి అనో పిరికివాడు అనో అనేస్తాం. ఒక్కో తప్పుకీ అతను ఎంత చెల్లిస్తున్నాడో అడగం.

నా సంగతే చెబుతాను. నలభై ఏడేళ్ల వయసులో కారు నేర్చుకుందామని ఒక డ్రైవింగ్ స్కూల్లో చేరాను. మొదటి రోజే మెయిన్ రోడ్డెక్కించారు. క్లచ్ వదిలేసరికి బండి ఎగిరిపడి ఆగిపోయేది. వెనక బస్సు హారన్, పక్కన మోటార్‌సైకిల్ వాడి చూపు, పక్క సీట్లో నేర్పే అతను నాలుకతో చేసే చప్పుడు. నాలుగో రోజు అతను, "మీ వల్ల కాదు మేడమ్, ఆటోమేటిక్ కొనుక్కోండి" అన్నాడు. నేను మానేశాను. ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు గానీ, నాకు నేనే ధైర్యం లేనిదాన్నని పేరు పెట్టుకున్నాను. తరగతిలో మాత్రం వెయ్యిసార్లు పడే పసిబిడ్డ కథ చెబుతూనే ఉన్నాను.

రెండేళ్ల తర్వాత మా తమ్ముడు తన పాత మారుతీ తీసుకొచ్చాడు. "అక్కా, ఇది గోడకి గుద్దినా గీత కనపడదు, ఉన్న గీతల్లో కలిసిపోతుంది" అన్నాడు. పొద్దున్న అయిదున్నరకు నన్ను ఊరి బయట ఒక లేఅవుట్‌కి తీసుకెళ్లాడు. తెలుగునాట ప్రతి ఊరి చివరా ఇలాంటిది ఒకటి ఉంటుంది: తారు రోడ్లు, దీపస్తంభాలు, ఆర్చి గేటు, అమ్ముడుపోని ప్లాట్లు, ఒక్క ఇల్లూ లేదు. మొదటి పొద్దున్న ఇరవై సార్లకు పైగా బండి ఆగిపోయింది. హారన్ కొట్టేవాడు లేడు. మేకలు కాసే అబ్బాయి ఒకసారి తలెత్తి చూసి మళ్లీ దించేశాడు. మా తమ్ముడు పక్కన కూర్చుని పేపరు చదువుకున్నాడు. పది రోజుల్లో క్లచ్ నా కాలికి అర్థమైంది. రెండేళ్ల కిందటి నేను, ఇప్పటి నేను ఒకే మనిషిమి. ధైర్యం ఏమీ పెరగలేదు, ధర తగ్గిందంతే.

కాబట్టి ఏదైనా నేర్చుకోవాలని మొదలుపెట్టి ఆగిపోయినవాళ్లు ఒక కాగితం తీసుకోండి. ఆ పనిలో ఒక్కసారి తప్పు చేస్తే మీకు పోయేదేమిటో రాయండి. డబ్బా, పరువా, పొద్దా, ఒళ్లా? ఎవరి ముందు పోతుంది? సాధారణంగా ఆ జాబితాలో ఏదో ఒకటే బరువైనది ఉంటుంది, మిగతావి చిల్లర. ఆ ఒక్కదాన్ని తగ్గించే చోటు ఎక్కడుందో వెతకండి. మా పక్కింటావిడ స్కూటీ నేర్చుకోవడానికి జనం లేని బడి మైదానాన్ని, తెల్లవారు జామును ఎంచుకున్నారు. వంట రాని మా మేనల్లుడు హాస్టల్ నుంచి గదికి మారాక మొదటి నెలంతా ఒక్కడి కోసమే వండుకున్నాడు, చుట్టాలను పిలవలేదు. ఇద్దరూ నాకంటే తెలివైనవాళ్లు.

ధర తగ్గించడానికి వీల్లేని పనులూ ఉన్నాయి. కరెంటు స్తంభమెక్కే లైన్‌మన్‌కి, కత్తి పట్టే డాక్టర్‌కి తప్పు చవక కాదు. అందుకే వాళ్లకి పెద్దల పక్కన ఏళ్ల తరబడి చూసి నేర్చుకునే పద్ధతి పెట్టారు, విమానం నడిపేవాళ్లకి నేల మీదే నకిలీ విమానం కట్టి ఇచ్చారు. వాళ్ల సంగతి వేరు. మనలో ఎక్కువమంది ఆగిపోయేది ఇంగ్లీషు మాట్లాడటం దగ్గర, ఎక్సెల్ షీటు దగ్గర, మైకు ముందు.

ఎక్కడికీ పోని నడక

బిడ్డ నడుస్తుంటే ఎక్కడికో వెళుతోందనుకుంటాం. బొమ్మ కోసమో, అమ్మ కోసమో. అడాల్ఫ్ బృందమే ఇంకో పని చేసింది. ఒక గది నిండా ఆటవస్తువులు పెట్టి కొందరు పిల్లలను వదిలారు, ఖాళీ గదిలో కొందరిని వదిలారు. రెండు చోట్లా పిల్లలు దాదాపు సమానంగానే తిరిగారు. చాలా నడకలు మూడడుగుల్లోపే, గది నడిమధ్యలో, ఏ వస్తువూ లేని చోట ముగుస్తాయి. నాలుగడుగులు, ఆగడం, పక్కకో అడుగు, కూర్చోవడం, ఇంకోవైపు రెండడుగులు. మా మనవరాలు ఒక పొద్దున్నంతా దేవుడి గది గడప మీదికి ఒక కాలు పెట్టడం, తీయడం ఇదే పనిగా చేసింది. మా అమ్మ పూజ సగంలో ఆపేసి అదే చూస్తూ కూర్చుంది.

మనం మాత్రం నేర్చుకోవడాన్ని వారానికో తరగతిగా, గంటన్నర కూర్చునే పనిగా మార్చుకున్నాం. కడప వైపు నుంచి వచ్చిన ఒక డిగ్రీ కుర్రాడు నా తరగతికి వచ్చేవాడు. ఇంగ్లీషు వ్యాకరణంలో నాకంటే దిట్ట. నోరు విప్పితే చెమటలు. మూడు స్పోకెన్ ఇంగ్లీషు కోర్సులు చేశాడట. "వారంలో నువ్వు ఇంగ్లీషులో ఎన్ని వాక్యాలు పైకి అంటావు?" అని అడిగాను. వేళ్లు లెక్కపెట్టి, "ఓ ఎనిమిది, తొమ్మిది మేడమ్, క్లాసులో లేచినప్పుడు" అన్నాడు. అదీ నలభై మంది ముందు, మార్కులు వేసే మనిషి ఎదురుగా. గంటకు రెండు వేల అడుగులు వేసే బిడ్డ పక్కన అతను వారానికి తొమ్మిది అడుగులు వేస్తున్నాడు, ప్రతి అడుగూ స్టేజి మీదే.

అతనికి నేను చెప్పింది ఒక్కటే. ఎక్కడికీ పోవద్దు. రోడ్డు మీద కనిపించిన బోర్డు పైకి చదువు, కాఫీ కలుపుతూ ఏం చేస్తున్నావో గొణుక్కో, గదిలో ఉండే స్నేహితుడితో ఉప్పు అందించమని ఇంగ్లీషులో అడుగు. రోజంతా చెల్లాచెదురుగా, రెండేసి మూడేసి మాటలు. ఉపన్యాసం ఇవ్వనక్కర్లేదు. ఆరు నెలలకు ఫోన్ చేశాడు. తప్పులు చాలానే ఉన్నాయి, అయినా ఎక్కడా ఆగలేదు.

పిల్లల నడకలో ఇంకో సంగతి ఉంది, దాన్ని తేలిగ్గా దాటిపోకూడదు. దోగాడటంలో ఆరితేరిన బిడ్డ, ఇంటి మూలలన్నీ మెరుపులా చుట్టి వచ్చే బిడ్డ, తడబడే నడకను ఎందుకు ఎంచుకుంటుంది? చేతనైన పని వదిలి చేతకాని పనిలోకి ఎందుకు దిగుతుంది? గంట లెక్కన చూస్తే కొత్తగా నడిచేవాళ్లే ఎక్కువసార్లు పడతారు. కానీ వాళ్లు తిరిగేదీ ఎక్కువే. కదిలిన సమయాన్ని, దూరాన్ని లెక్కలోకి తెస్తే దోగాడేవాళ్లూ నడిచేవాళ్లూ పడేది ఒకే రేటున. అంటే నడకకు మారినందుకు అదనపు ధరేమీ లేదు. రాబడి మాత్రం పెద్దది. పిల్లల తలకు చిన్న కెమెరాలు కట్టి చూస్తే, దోగాడే బిడ్డ కళ్లకు ఎక్కువసేపు కనిపించేది నేల. నిలబడిన బిడ్డకి గది మొత్తం కనిపిస్తుంది. చేతులు ఖాళీ అవుతాయి, గరిటె పట్టుకెళ్లి అమ్మకు చూపించవచ్చు.

వాలు బల్ల

ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు ఈ భాగం నిదానంగా చదవండి.

వాలును కావలసినంత పెంచడానికి, తగ్గించడానికి వీలైన ఒక చెక్క దారి తయారుచేయించారు అడాల్ఫ్. దోగాడే పిల్లల్ని దాని పైన కూర్చోబెట్టి కింద తల్లి నిలబడి పిలుస్తుంది. పక్కనే పట్టుకోవడానికి మనిషి. దోగాడటం కొత్తగా వచ్చిన పిల్లలు ఎంత నిటారు వాలైనా చూడకుండా దిగబోయి దొర్లారు. వారాలు గడిచేకొద్దీ ఏ వాలు తమ వల్ల అవుతుందో, ఏది కాదో పసిగట్టడం నేర్చారు. కానిదైతే అంచు దగ్గరే ఆగేవారు, లేదా వెనక్కి తిరిగి జారుతూ దిగేవారు. బుద్ధిమంతులు.

ఆ పిల్లలే నడక నేర్చారు. మళ్లీ అదే బల్ల దగ్గరికి తెచ్చారు. ఏ వాలు ముందు నెల రోజుల కిందట ఆగి ఆలోచించారో, అదే వాలు మీద నిలబడి నేరుగా అడుగు వేసేశారు. నేర్చుకున్నదంతా ఎటు పోయిందో తెలియదు. పాత భంగిమలో పోగైన తెలివి కొత్త భంగిమలోకి రాలేదు. మళ్లీ మొదటి నుంచి, వారాల తరబడి నేర్చుకోవలసి వచ్చింది. 1997లో వచ్చిన ఈ పరిశోధన చదివినప్పుడు నాకు వెంటనే గుర్తొచ్చింది ఒక ప్రధానోపాధ్యాయుడు.

ఆయన ఇరవై రెండేళ్లు లెక్కల మాస్టారు. ఏ పిల్లాడు ఎక్కడ తడబడతాడో నల్లబల్ల వైపు తిరిగి ఉన్నా చెప్పగలిగేవారు. ప్రమోషన్ మీద ఇంకో ఊరి బడికి హెడ్మాస్టరుగా వెళ్లారు. మొదటి స్టాఫ్ మీటింగులోనే ఇద్దరు పాత టీచర్లను అందరి ముందూ నిలదీశారు. తరగతి గదిలో ఒక్క అల్లరి పిల్లాడినైనా అందరి ముందు అలా అనేవారు కాదు ఆయన. పక్కకు పిలిచి మాట్లాడటమే ఆయన పద్ధతి. ఆ ఒడుపు కొత్త కుర్చీలోకి ఆయన వెంట రాలేదు. ఏడాది నలిగిపోయారు. "నాకు మనుషుల్ని అర్థం చేసుకోవడం రాదమ్మా" అన్నారు నాతో. వచ్చు మాస్టారూ, మీరు భంగిమ మారారు అంతే అన్నాను.

ప్రమోషన్, పెళ్లి, ఊరు మారడం, ఉద్యోగం వదిలి వ్యాపారం, అత్తగారు కావడం. ఇవన్నీ భంగిమ మారే ఘట్టాలే. మొదటి నెలల్లో మీ పాత అనుభవాన్ని నమ్ముకుని నిటారు వాలులోకి నేరుగా అడుగు వేయకండి. అంచు దగ్గర ఒక్క నిమిషం కూర్చోండి. ఇంట్లోనో ఆఫీసులోనో ఎవరైనా కొత్త భంగిమలోకి వచ్చారనుకోండి, ఇరవై రెండేళ్ల అనుభవం ఉండి ఈ మాత్రం తెలియదా అని దెప్పకండి. తెలియదు. వాలు బల్ల పక్కన పట్టుకోవడానికి నిలబడిన ఆ మనిషి మీరే కావాలి.

నీళ్లలో కాళ్లు

అప్పుడే పుట్టిన బిడ్డను చంకల కింద పట్టుకుని పాదాలు బల్లకి ఆనిస్తే, ఒకదాని తర్వాత ఒక కాలు ఎత్తి అచ్చం నడుస్తున్నట్టే అడుగులు వేస్తుంది. మంత్రసానులకు ఎప్పటి నుంచో తెలిసిన వింత ఇది. రెండు నెలలు వచ్చేసరికి ఆ అడుగులు మాయమవుతాయి. మెదడు పెరుగుతూ ఆ పుట్టు అలవాటును అణిచేస్తుందని చాలాకాలం అనుకున్నారు. ఎస్తర్ థెలెన్ అనే శాస్త్రవేత్తకు అనుమానం వచ్చింది. అడుగులు మానేసిన పిల్లలు వెల్లకిలా పడుకుని మాత్రం అవే కాళ్లతో అదే కదలికలు చక్కగా చేస్తున్నారు కదా అని. 1980లలో ఆమె, సహచరులు కొన్ని వారాల పిల్లల కాళ్లకి చిన్న బరువులు కట్టి చూశారు, అడుగులు తగ్గాయి. నీళ్లలో నిలబెట్టి చూశారు, అడుగులు పెరిగాయి. బిడ్డ ఏమీ మర్చిపోలేదు. ఆ నెలల్లో కాళ్లకు కొవ్వు పట్టి బరువెక్కాయి, కండ ఇంకా అంత ఎదగలేదు.

పిల్లలు పెద్దవాళ్లయ్యాక వీణ ముందు మళ్లీ కూర్చున్న ఒక స్నేహితురాలు, వేళ్లు కదలడం లేదు, అంతా పోయింది అని కళ్లనీళ్లు పెట్టుకుంది. ఏమీ పోలేదు. ఇరవై ఏళ్ల సంసారం, మోకాళ్ల నొప్పి, కచేరీ స్థాయిలో వాయించాలన్న పట్టింపు, ఇదంతా కాళ్లకు కట్టిన బరువు. ఆ నీళ్లలోకి దిగడమంటే తనకి ఏమిటి? శ్రుతి తగ్గించుకుని, సరళీ వరసలు, తలుపు వేసుకుని పది నిమిషాలు. వచ్చిన విద్య రావడం లేదనిపిస్తే ముందు బరువు ఎక్కడుందో తడిమి చూసుకోండి.

చెయ్యి ఎంతవరకు

ఇంట్లో పాకే బిడ్డ ఉన్న పాఠకులు ఇంతసేపూ ఓపిక పట్టారు, వాళ్ల కోసం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఘనా, భారత్, నార్వే, ఒమన్, అమెరికా పిల్లలను గమనించి 2006లో ఇచ్చిన లెక్క ఇది. ఆరోగ్యంగా ఉన్న బిడ్డ ఆసరా లేకుండా నిలబడటం 6.9 నుంచి 16.9 నెలల మధ్య ఎప్పుడైనా రావచ్చు. సొంతంగా నడవడం 8.2 నుంచి 17.6 నెలల మధ్య. నూటికి నలుగురు చేతులు మోకాళ్ల మీద అసలు దోగాడనే దోగాడరు. పక్కింటి పిల్లాడు తొమ్మిదో నెలకే నడిచాడన్నది వాళ్లింటి ముచ్చట, మీ ఇంటి జబ్బు కాదు. ముందు నడిచినవాడు తర్వాత తెలివైనవాడవుతాడని కూడా ఏమీ లేదు.

పెంపకం వల్ల కొంత తేడా వస్తుంది. కెన్యాలో కిప్సిగిస్ తల్లులు పిల్లలకు కూర్చోవడం, నడవడం పనిగట్టుకుని నేర్పుతారు. అక్కడి పిల్లలకు ఆ రెండూ ముందే వస్తాయి. దోగాడటం నేర్పరు, అది ముందు రాదు. పరాగ్వే అడవుల్లో సంచార జీవనం సాగించిన ఆచే జాతి తల్లులు పిల్లలను నేల మీద దించడానికి భయపడేవారు. అక్కడ రెండేళ్లకు గానీ నడక వచ్చేది కాదు. మన ఇళ్లలో పెద్దావిడ కాళ్లు చాపి, బిడ్డను వాటి మీద బోర్లా వేసి, నూనె పట్టించి, కాళ్లూ చేతులూ సాగదీస్తూ నీళ్లు పోయడం కూడా బిడ్డకి ఒళ్లు తెలిసేలా చేసే పనే. ముక్కులో నూనె చుక్కలు, తల నొక్కి గుండ్రంగా చేయడం మాత్రం వద్దు.

కుర్చీలా ఉండి బిడ్డ లోపల కూర్చుని కాళ్లతో తోసుకునే చక్రాల వాకర్ కొనకండి. ఎవరైనా కానుకగా ఇస్తే మేడ మీద పడేయండి. అందులో బిడ్డకు తన కాళ్లు తనకు కనపడవు, తూగడం నేర్చుకునే అవసరమే రాదు, మెట్ల దగ్గరికి, పొయ్యి దగ్గరికి క్షణంలో చేరుతుంది. కెనడా 2004లోనే వాటి అమ్మకాన్ని నిషేధించింది. మన పాతకాలపు మూడు చక్రాల చెక్క బండి అలాంటిది కాదు. బిడ్డ వెనక నిలబడి తన బరువు తానే మోస్తూ తోయాలి. మీరు పక్కన ఉంటే అది మంచి ఆటవస్తువు. ఇంట్లో వట్టి పాదాలే మేలు. టైల్స్ మీద సాక్సులు వేసి వదిలితే పడటం ఖరీదవుతుంది. బల్లల కోణాలకు గుడ్డ చుట్టండి, మెట్లకు అడ్డు పెట్టండి, స్నానాల గది తలుపు వేసి ఉంచండి, నీళ్ల బకెట్లు నిండుగా ఉంచకండి. అంతే. ఆ తర్వాత పడనివ్వండి. నేను రెండు చేతులూ చాచి మనవరాలి వెనక పరుగెడుతుంటే మా అమ్మ విసుక్కునేది: "దాని మానాన దాన్ని వదలవే! పడితే నేలేగా పట్టుకుంటుంది."

పద్దెనిమిది నెలలు నిండినా సొంతంగా నడవకపోతే, తొమ్మిది నెలలు దాటినా కూర్చోలేకపోతే, ఎప్పుడూ ఒకవైపు కాలూ చెయ్యే వాడుతుంటే, వచ్చిన నడక పోతే, నెలల తరబడి మునివేళ్ల మీదే నడుస్తుంటే ఆగకుండా పిల్లల డాక్టరుకు చూపించండి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకైతే పుట్టాల్సిన తేదీ నుంచి లెక్కేయాలి. ఇలాంటివాటి కోసం జిల్లా ఆసుపత్రుల్లో సత్వర చికిత్సా కేంద్రాలున్నాయి. అంగన్‌వాడీలో అడిగితే దారి చెబుతారు. పడ్డాక మాటిమాటికీ వాంతులైనా, మత్తుగా ఉన్నా అది చవక పడటం కాదు, వెంటనే ఆసుపత్రికి.

మన భాషలో తప్పటడుగు అన్న మాట ఒక్కటే ఉంది. బిడ్డ వేస్తే ముద్దు, పెద్దవాళ్లు వేస్తే నింద. బిడ్డ వేసిన తప్పటడుగులకు మనం అరిసెలు పంచుతాం. మా ఇంట్లోనూ చేశారు. చాప మీద అరిసెలు పరిచి, పైన పలచటి గుడ్డ కప్పి, మనవరాలిని నడవమన్నారు. అది రెండడుగులు వేసి, కాలి కింద ఏదో మెత్తగా ఉందని కనిపెట్టి, అక్కడే కూర్చుని గుడ్డ లాగి ఒకటి తీసి కొరికింది. ఎవరూ నడవమని గద్దించలేదు. మిగిలిన అరిసెలు వీధిలో అందరికీ పంచాం.

నేను ఇప్పుడు ఊళ్లో కారు నడుపుతాను. ఎత్తు మీద ఆగి, వెనక్కి జారకుండా మళ్లీ బయల్దేరడం మాత్రం ఇంకా కుదరలేదు, రైలు వంతెన ఎక్కాల్సి వస్తే చుట్టుదారిలో పోతున్నాను. ఆ లేఅవుట్ చివర మట్టి పోసి ఎత్తుచేసిన రోడ్డు ఒకటుంది. ఆదివారం పొద్దున్న అయిదున్నరకు తమ్ముణ్ణి రమ్మన్నాను, పేపరు తెచ్చుకోమని చెప్పాను.